వాగ వాగలో నల్లబల్ల

మందుల షాపు కౌంటరు పక్కన
దగ్గు బిళ్ళల స్టాండుకీ బీపీ మిషనుకీ మధ్య
ఒక నల్లబల్ల నా ఏలుబడిలో ఉంది.
షట్టరు లేపగానే
నిన్నటి ముచ్చట తుడిచేసి ఇవాళ్టిది రాయాలి.
ఎవరూ చెయ్యమనలేదు, జీతంలో కలవదు.
మందు కట్టేలోగా జనం గోడకేసి చూస్తూ నిలబడితే
నాకే ఏదోలా ఉండేది.

సోమవారం: వాంబాట్ అనే పొట్టి జంతువు పెంటికలు
పాచికల్లా పలకలు పలకలుగా పడతాయి.
మెర్విన్ డగ్గన్ రెండుసార్లు చదివి
మలబద్ధకం మందు చీటీ నా చేతికిచ్చి
"దాని బాధ నాకు తెలుసు" అన్నాడు.

మంగళవారం: పంతొమ్మిది వందల ముప్పై రెండులో
ఈ దేశపు సైన్యం మరతుపాకులతో
ఈమూ పక్షుల మీదికి దండెత్తింది.
పక్షులు గెలిచాయి.
కింద ఎవరో సుద్దతో గీకి పోయారు:
"మా తాత పొలం ఇంకా వాటి స్వాధీనంలోనే ఉంది."

బుధవారం ఊరి పేరు రాశాను.
వాగ వాగ.
తెలుగు నోటిని ఈ పేరు ఊరుకోనివ్వదు.
వాగు ఉంది, మరంబిడ్జీ,
మట్టిరంగు నీళ్ళతో, నాలుగు వీధుల అవతల.
వాగేదాన్ని నేనున్నాను.
కొత్తలో బస్సులో ఒక్కదాన్నే నవ్వుకున్నాను,
పంచుకోడానికి పక్కన తెలుగు చెవి లేక.

"వాగ అంటే కాకి, రెండుసార్లంటే బోలెడు కాకులు"
అని పాత పుస్తకంలో ఉన్నట్టే దించాను.
ఇన్సులిన్ కోసం ఆంటీ లోర్నా వచ్చింది, విరాజురి మనిషి.
బల్లని చూసింది, నన్ను చూసింది,
చేతికర్ర కౌంటరుకి ఆనించింది.
"కాకులు కాదమ్మా. ఆటపాటలు. పండగలు.
మీ భాషలో మాటని రెండుసార్లంటే ఏమవుతుంది?"
ఎక్కువవుతుంది, అన్నాను.
ఊరూరా, ఇంటింటా, రకరకాలుగా.
"మాకూ అంతే" అని
ఇన్సులిన్ మరిచి వెళ్ళిపోతే వెనకాలే పరిగెత్తాను.
తిరిగొచ్చాక డస్టరు కనపడలేదు.
ఆ రోజంతా నా కోటు మోచేతి మీద
కాకులు, తెల్లగా.

గురువారం సొంత గోడు.
బ్యాడ్జీ మీద రత్నావళి అని ఉంటుంది.
ఈ ఊళ్ళో పేరు పొడుగైతే నరికేస్తారు,
పదకొండేళ్ళుగా నేను రాట్‌ని.
నవరత్నాల్లో ఉండాల్సినదాన్ని
ఎలకల బోనులోకి నెట్టారని మొదట్లో ఉడుక్కున్నాను.
అందుకే రాశాను: ఎలకకి కితకితలు పెడితే నవ్వుతుంది.
ఆ నవ్వు మన చెవికి అందనంత సన్నం.

శుక్రవారం హాస్యం. దీనికో పాత బాకీ ఉంది.
చేరిన మొదటి వారం మెర్విన్ చెప్పాడు,
సాయంత్రం అయిదింటికి ఎగువన డ్యామ్ నీళ్ళు వదుల్తారు,
బీచ్ దగ్గర ఏట్లో ఇంతెత్తు కెరటం లేస్తుంది, చూసి తీరాలని.
సముద్రం లేని ఊళ్ళో బీచ్ ఏమిటని కూడా అడగలేదు.
తువ్వాలు పట్టుకెళ్ళాను.
చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డాను.
అయిదు. అయిదుంబావు. అయిదున్నర.
ఒక బాతు దాటింది.
మర్నాడు షాపులో అందరూ నా మొహం చూడకుండా
అట్టపెట్టెలు సర్దుతున్నారు.
కొత్తవాళ్ళకి ఊరు పెట్టే టోపీ అట అది.

ఇప్పుడు ఏటా ఒకసారి నేనే రాస్తాను:
"ఈరోజు అయిదు గంటల కెరటం. తువ్వాలు మరవద్దు."
నర్సింగ్ చదవడానికొచ్చిన మలయాళీ పిల్ల జిన్సీ
ఈసారి నమ్మేసింది.
జాలేసి, అరగంట ముందే సెలవడిగి వెనకే వెళ్ళాను.
గట్టున ఇద్దరం. ఒడిలో దాని నీలం తువ్వాలు.
చెప్పేద్దాం చెప్పేద్దాం అనుకుంటుండగానే అయిదు దాటింది.
"వస్తుందంటారా?" అంది నీళ్ళకేసి చూస్తూ.
వాగు కదా, దానిష్టం, అన్నాను.
చాలాసేపటికి, తల తిప్పకుండానే,
"మెర్విన్ నిన్ననే చెప్పేశాడు" అంది.
భుజాలు అదురుతున్నాయి.
చప్పుడు మాత్రం లేదు.

శనివారం సగం పూటే షాపు.
ఏం రాయాలో తోచక తేదీ వేసి వదిలేశాను.
మెర్విన్ వచ్చి
దాన్నీ రెండుసార్లు చదివాడు.