ప్రార్థనతో సభ ప్రారంభమైనది

పదకొండేళ్లుగా నా మినిట్స్ పుస్తకంలో
మొదటి వాక్యం అదే.
ఏమని ప్రార్థించారో ఎవరూ అడగలేదు.
నేనూ వినలేదు,
అప్పుడే కలం మూత తీస్తుండేవాణ్ణి.

మొన్న మంగళవారం గుంటూరు కౌన్సిల్ హాల్లో
కట్టెపోగు యెహెజ్కేలు అయ్యగారు
కళ్లు మూసుకుని
దేవుడికి ఒక వీధి పేరు చెప్పాడు.
ఆ వీధి కుళాయి నీళ్ల రంగు చెప్పాడు.
పోయిన ఇద్దరు పిల్లల్నీ ఇంటిపేర్లతో సహా చెప్పాడు.
ఆమెన్ అనాల్సిన చోట
పాయింట్ ఆఫ్ ఆర్డర్ అన్నారు.

ఇది ప్రార్థనా, ప్రతిపక్షమా?
రికార్డుల్లోంచి కొట్టేయమన్నారొకరు.
మా పంతులుగారికీ వంతు రావాలని ఇంకొకరు,
మరి ఖాజీగారో అని వెనక బెంచీ.
కుళాయి ఊసు ఎవరూ ఎత్తలేదు.
చేతులెత్తారు. లెక్కపెట్టింది నేనే:
ముప్పై ఒకటి, పంతొమ్మిది.
అయ్యగారి సేవలు ఇక చాలు.

ఆయన బైబిల్ సంచిలో సర్దుకుని
నా బల్ల దగ్గర ఆగాడు.
"పిల్లల పేర్లు తప్పుల్లేకుండా రాశావా బాబూ?"
బ్రాడీపేట వైపు వెళ్లిపోయాడు.
గొడుగు ఇంకా నా కుర్చీకే వేలాడుతోంది.

ఇప్పుడు ప్రార్థన లేదు, ఒక నిమిషం మౌనం.
ఆ నిమిషంలో
వరండా కుళాయి గాలి మింగే చప్పుడు
యాభై మందికీ వినిపిస్తుంది.

దాన్ని ఏమని రాయాలో
రూల్సు పుస్తకంలో వెతుకుతున్నాను.