తడి ఉంది, చలి లేదు

తెలావి ఆసుపత్రికి ద్రాక్షకోతల కాలమంటే
పట్టేసిన నడుములు,
కందిరీగలు కుట్టిన మొహాలు,
క్వెవ్రీ మూత కింద నలిగిన వేళ్లు.
నజీబ్రోలాది కత్తి.
రసం అంటిన పిడి మీద పట్టు జారి
కుడి చెయ్యి పదును మీదికి వచ్చేసింది.
ఉంగరం వేలూ చిటికెన వేలూ
ఎంత పిలిచినా ముడుచుకోకుండా
బిగుసుకుని చాపుకున్నాయి.
చుట్టిన తలగుడ్డ మీద
ఏది రక్తమో ఏది సపెరావి మరకో
నర్సు పోల్చుకోలేకపోయింది.

"నన్ను నిద్రపుచ్చొద్దు" అంది.
భయమేం లేదు.
పెరట్లో పాతిన మట్టికుండలో
ద్రాక్ష పొంగుతోందట,
మూడు గంటలకోసారి తేలిన తొక్కల్ని
కిందికి తొయ్యాలట,
అల్లుడు గోచాకి గడియారమంటే లెక్కలేదట.
"పంట చేతికొచ్చే వేళకి
చెయ్యే పోయింది.
నోరైనా మిగలనీ."

సరే, చేతినొక్కదాన్నే పడుకోబెడదామన్నాను.

మెడకీ భుజానికీ మధ్య పల్లంలో
జెల్ రాసి ప్రోబ్ ఆనించాను.
బూడిదరంగు తెర మీద
ధమని టపటపా కొట్టుకుంటోంది.
దాన్ని ఒరుసుకునే నరాలు,
నల్లగా, గుండ్రంగా, ఇరుకిరుగ్గా.
చదువుకునే రోజుల్లో దీన్ని ద్రాక్షగుత్తి అనేవాళ్లం.
ఆ ముక్క ఆమెతో అనకుండా ఉండాల్సింది.
తల తిప్పి చాలాసేపు చూసింది.
"గింజ చిన్నది.
ఈ ఏడు నాకు వాన చాల్లేదు."

నవ్వితే సూది కదులుతుంది.
నవ్వలేదు.
గుత్తి కింద పక్కటెముక,
దాని పక్కనే ఊపిరితిత్తి పొర
శ్వాస శ్వాసకీ తళుక్కుమని జారుతోంది.
బొటనవేలి మందం లేదు దూరం.
ఇరవై ఏళ్ల నుంచీ ఇదే పని,
ఇప్పటికీ అక్కడికొచ్చేసరికి
నా ఊపిరి నేను బిగబట్టుకుంటాను.
మందు చేరింది.
కాలవ నీళ్లు మడిలోకి మళ్లినట్టు
నల్లటి నీడ పరుచుకుంది,
గింజలు విడివిడిగా తేలాయి.

కాసేపాగి మంచుముక్క ఆనించాను.
"తడి ఉంది. చలి లేదు."
ఇంకాసేపటికి:
"ఎవర్నో తాకుతున్నావు. నన్ను కాదు."

మందు పొరుగు నరాల్నీ పలకరించింది కాబోలు,
గొంతు బొంగురుపోయింది,
కుడి రెప్ప సగానికి వాలింది.
ఒక కన్ను కునుకుతుంటే
రెండో కన్ను ఎర్రజేసి,
ఎడమ చేత పట్టుకున్న ఫోన్లో
అల్లుణ్ణి ఆ బొంగురు గొంతుతోనే కడిగేసింది.

తెర అవతల బద్రీ
తెగిన స్నాయువు కొస కోసం వెతుకుతున్నాడు.
పావడాలోకి దూరిపోయిన బొందులా
అది మణికట్టు దాకా వెళ్లి కూర్చుంది.
దొరికింది. జారింది. మళ్లీ దొరికింది.

ఉన్నట్టుండి ఆమె,
"అబ్బాయిని చూసుకోమను,
నా చేతిలో కత్తి ఉంది."

ఎక్కడ?

"ఇదుగో, పైకెత్తి పట్టుకున్నాను కదా."

చెయ్యి బల్ల మీద వెల్లకిలా ఉంది,
గంటన్నర నుంచి.
మొద్దుబారకముందు ఏ భంగిమలో ఉందో
మనసు అక్కడే ఆగిపోయింది.
కబురు చెప్పాల్సిన నరాలే నిద్రలో ఉన్నాయి మరి.
చేతులెత్తేసిందనుకోకండి,
కోస్తోంది.

ఇది అందరికీ మామూలేనని చెప్పాలి.
చెప్పలేదు.
"ఎంతవరకు అయింది?" అని అడిగాను.
"చివరి వరస."

తర్వాత చూస్తానంది.
బద్రీ తలూపాడు, గుడ్డ కాస్త దించాను.
గాల్లో ఉన్న చెయ్యి
బల్ల మీది చేతిలోకి ఎప్పుడు దిగిందో
నాకెలా తెలుస్తుంది?
"పడింది" అంది, అంతే.
పసుపుమందు పూసిన ఆ వేళ్లని
ఎవరివో అన్నట్టు చూసింది.
"మా అత్తగారి చెయ్యిది.
ఇక్కడికెలా వచ్చింది?"

సాయంత్రం జోలెకట్టు కట్టి చెప్పాను:
పొయ్యి దగ్గరికి పోనీకు, కాలినా చెప్పదు.
పక్కమీద దొర్లకు, నీ చేతి దెబ్బ నీకే తగులుతుంది.
వినలేదనుకుంటాను.

రాత్రి రెండింటికి నర్సు ఫోన్.
చిటికెన వేలికి చీమలు పాకుతున్నాయట,
వెనకే నొప్పీ వచ్చిందట.
మాత్ర ఇవ్వమన్నాను.

మాత్ర అరచేతిలో పెట్టుకుని
ముందు టైమెంతో అడుగుతోందట.