విన్నదా

కుమామోతోలో ఆగస్టు రాత్రి.
గాలికి కాళ్లు పడిపోయాయి.
తొకుజి కళ్లజోడు నుదుటికెక్కించి
రిమోట్‌ని ముక్కు దాకా తెచ్చుకున్నాడు.
ఇరవై ఎనిమిది అంటోంది.
అది రిమోట్ వేసుకున్న లెక్క మాత్రమే.
గోడ మీది తెల్లపెట్టె ఏమనుకుంటోందో
దానికీ తెలీదు.

చెయ్యి చాచి నొక్కాడు.

పెట్టె మాట వింటే ఒక్కసారి సన్నగా కూస్తుందట.
అలాంటి చప్పుళ్లన్నిటినీ
పడవల కార్ఖానా ఎప్పుడో తినేసింది.
మళ్లీ నొక్కాడు. అంటే ఆపేసినట్టా?
మళ్లీ.

హత్సుయె మూడు రోజులుగా మాట్లాడదు.
ఈ ఏటి ఉమె పచ్చడి ఉప్పుకషాయమని
ఆమె చెల్లెలి ముందే అన్నాడు మరి.
గోడవైపు తిరిగి పడుకుంది,
మెడ వెనక చెమట మెరుస్తూ.

నాలుగోసారి.
ఐదు.

"విన్నది," అంది గోడతో.
"మూడుసార్లు వేశావు, రెండుసార్లు ఆపావు.
ఇంక దాన్ని బతకనీ."

పెట్టె రెక్క బద్ధకంగా తెరుచుకుంది.
చల్లగాలి ముందు ఆమె మెడనే తాకింది.
చాలాసేపు చీకట్లో కూర్చుని
తొకుజి ఒక డిగ్రీ తగ్గించాడు,
అక్కర్లేకపోయినా,

"ఇప్పుడు విన్నదా?"
అని అడగొచ్చు కదా అని.