ముప్పైవేల ముప్పై ఒకటి

బేతంచర్లలో మార్చి ఆఖరు.
పాలీషు మిషన్లు నిలబెట్టినాక కూడా
చెవుల్లో రాయి గీసుకుంటానే ఉండె.
గోడ మీద సుద్దగీతలు
ఐదైదు కట్టలు కట్టుకుంటా పోయిన దస్తగిరి
పొద్దువాలే వేళకు వచ్చి చెప్పె:
"రాసుకో మద్దిలేటమ్మా,
అడుగు బిళ్లలు ముప్పైవేల ముప్పై ఒకటి."

యజమాని నాగమునెయ్య మొగం చిట్లించె.
"ఆ ఒకటి ఏంటికి? కొట్టెయ్.
ముప్పైవేల ముప్పై అయితే ఎట్లయినా తెగుతాది."

తెలిసి అన్నాడో, ఊరికే అన్నాడో.
ఇద్దరు వాటాదార్లకు తెగుతాది, మూడు షెడ్లకు తెగుతాది,
ఐదేసి, ఏడేసి, పదకొండేసి,
ఆఖరికి పదమూడేసి పేర్చినా
ఏ వరుసా కుంటదు, ఎవరి నోరూ లేవదు.
దాని పక్కన ఒక్క బిళ్ల పెట్టి చూడు:
ఆరు వరుసలూ ఒకే మాట చెప్తాయి,
ఒకటి మిగిలింది,
ఒకటి మిగిలింది.

డోన్ బళ్లో ఎస్తేరమ్మ టీచరు
ప్రధాన సంఖ్యల్ని వరుసగా గుణించి ఒకటి కలపమనేది.
ఏడు. ముప్పై ఒకటి. రెండువందల పదకొండు.
"సూడండి, ప్రతిసారీ ఇంకో ప్రధాన సంఖ్యే పుడతాది."
రెండువేల మూడువందల పదకొండు దాకా వచ్చినాం,
గంట కొట్టినారు.
తర్వాతి మెట్టు ఇదిగో,
ఇరవై రెండేండ్లకు స్టాకు రిజిస్టర్లో.

ఆ రాత్రి కరెంటు పోయె, వచ్చె, పోయె.
రిజిస్టరు వెనక అట్ట మీద భాగించుకుంటా కూర్చున్నా.
పదిహేడుకు తొమ్మిది మిగిలె.
పంతొమ్మిదికి పదకొండు.
ఇరవై మూడుకు పదహారు, ఇరవై తొమ్మిదికీ పదహారే,
అన్నదమ్ములు మాట్లాడుకున్నట్టు.
నలభై ఏడుకు నలభై ఐదు: ఇంకా రెండుంటే చాలు కదా!
యాభై మూడుకు ముప్పై మూడు.
టీచరు గెలిచిందనుకున్నా.
యాభై తొమ్మిది.
కింద సున్న.

ఐదువందల తొమ్మిది బిళ్లలు పొడుగు,
యాభై తొమ్మిది వెడల్పు.
ఇంకో తీరుగా పేర్చాలంటే ఒకటే దారి,
బిళ్ల వెనక బిళ్ల, ఊరు దాటిపోయే ఒంటి వరుస.
తన కారకాలన్నీ చందాలేసినా
ఐదువందల అరవై తొమ్మిదే.
పుస్తకంలో దీన్ని న్యూన సంఖ్య అంటారు.
మా వైపు మాటలో:
పేరు పెద్ద, చేతిలో ఏం లేదు.

బిళ్లలన్నీ వాడి రెండు చదరపు గదులు పరచమంటే కుదరదు.
మూడు గదులకూ కుదరదు.
నాలుగైతేనే.
నూట డెబ్బై మూడడుగుల చావిడొకటి,
పదడుగుల వంటిల్లొకటి,
ఒక్కొక్క బిళ్లతో రెండు బుల్లి గదులు.
వాటిలో ఎవరుంటారు?
కోడిపెట్ట పడుకుంటే నిండిపోతుంది.

తెల్లారి యజమాని సంతకం పెట్టె:
ముప్పైవేల ముప్పై.
అంచు విరిగిన బిళ్ల ఒకటి
సైకిలు వెనక కట్టుకొని పోయె దస్తగిరి.
ఇప్పుడది వాళ్లింటి జాలాట్లో ఉంది,
హుసేన్‌బీ దాని మీద కాళ్లు రుద్దుకుంటుంది.

రిజిస్టరు చెదలు తినింది.
వెనక అట్ట మాత్రం చింపి దాచుకున్నా,
యాభై తొమ్మిది కింద
రెండుసార్లు గీత గీసి ఉంది.
టీచరుకు చెప్పాలనుకుంటా. ఎప్పుడు పోయినా
డోన్‌లో బస్సు రెండు నిమిషాలే ఆగుతుంది.