దొరగారి భోజనం

నేవీ క్వార్టర్స్ ఖాళీ చేసి కొచ్చి వెళ్ళిపోతూ
ఆ మలయాళీ పిల్ల గాజుతొట్టె నా చేతుల్లో పెట్టింది.
"మీది ఐస్ ఫ్యాక్టరీ కదా అంకుల్, దీనికి చలి కావాలి" అంది.
అంతే. నా అర్హత చలి.

తొట్టెలో ఒక లేత గులాబీ జీవం.
తలకి అటూ ఇటూ మూడేసి ఎర్రటి ఈకలు,
ఎవరి మీదా కోపం లేని నవ్వు.
ఆక్సొలోటల్ అంటారట.
పక్కవాటా నూకరత్నం పిన్నికి నోరు తిరగక
"దొరగోరు" అంది. అదే ఖాయమైంది.

మే నెల. జ్ఞానాపురంలో గోడలకి కూడా చెమట పట్టే నెల.
పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి
గడ్డకట్టిన నీళ్ళ సీసాలు తొట్టెలో తేలుస్తాను,
హార్బర్‌లో పడవలకి ఐసు ఎక్కించిన చేతులతోనే.
దొరగారికి పద్దెనిమిది డిగ్రీలు.
నాకు మూడు రెక్కల్లో ఒకటి వంగిన ఫ్యాను.

ఇంత చేస్తే, రొయ్య తప్ప ముట్టరు.
తప్పు నాదే. మొదటి వారం ముద్దుకొద్దీ
వేలంలో మిగిలిన టైగర్ రొయ్యలు ఒలిచి పెట్టాను.
ఇప్పుడు గుళిక వేస్తే
గుప్పున లోపలికి లాగి, ఒక్క క్షణం ఆలోచించి,
తూ.
ఉప్పులేని పప్పు తగిలిన వియ్యంకుడిలా
మూలకి తిరిగి కూర్చుంటారు.

"రొయ్యతో కడుపు నిండుతుంది, ఒళ్ళు నిలవదు" అంది
మహారాణిపేట పశువుల డాక్టరమ్మ,
పాలిపోతున్న ఈకల ఫోటో చూసి.
"వానపాములు పెట్టండి."

పెందుర్తి ఎరువు కుర్రాడు ఇచ్చిన సన్నటి ఎర్రవి
చేదట. అవి పసుపు రసం కక్కాయి,
దొరగారు వాటిని కక్కారు.
నేను రుచి చూడలేదు గనక వాదించలేను.

పిన్ని తన గోంగూర తొట్టి కింద తవ్వింది.
"ఈటిని కడుగు. వేన్నీళ్ళలో ఓపాలి ముంచి ముక్కలు సెయ్యి.
వొద్దంటే బతిమాలకు. రెండ్రోజులు పస్తుంచు.
ఆకలికి మించిన తాలింపేటుందిరా?"

మొదటి రోజు దొరగారు పస్తు.
రెండో రోజు నాకూ ముద్ద దిగలేదు, ఎందుకో.
ఐసు దంచే మెషిను పక్క నిలబడి
నాలుగు రొయ్యలు జేబులో వేసుకున్నాను,
మళ్ళీ తీసి గంపలో వేశాను.

మూడో రాత్రి లైటు ఆర్పేశాం.
కిటికీ అద్దం మీద పోర్టు నల్లదుమ్ము,
అందులోంచి వీధిదీపం బూడిదలా రాలుతోంది.
కోడలి కనుబొమల పట్టకారుతో
పిన్ని ఒక ముక్క పట్టి నీళ్ళలో దించింది.
నలభై ఏళ్ళు ఎండుచేపలు తూచిన చెయ్యి,
త్రాసు ముల్లులా నిలబడింది.
దొరగారు తల కూడా తిప్పలేదు.

"నువ్వట్టు" అంది.

నా చేతి సంగతి పిన్నికి తెలుసు.
ఇరవై రెండేళ్ళ ఐసు వేళ్ళలోకి దిగి మళ్ళీ బయటికి రాలేదు.
టీ గ్లాసు సగమే పోయించుకుంటాను.
బ్యాంకులో నా సంతకం నాది కాదంటారు.
వద్దన్నాను.
పట్టకారు అప్పటికే నా చేతిలో ఉంది.

చచ్చిన ముక్క నీళ్ళలో వణికింది.
ఆగింది. వణికింది,
మట్టి గుర్తొచ్చినట్టు.
ఎర్రటి ఈకలు ఒక్కసారి వెనక్కి వాలాయి.
టప్.
మూతి పట్టకారు కొసదాకా వచ్చింది.
ఒక క్షణం ఆలోచన.
ఇంకో క్షణం.
తూ అనలేదు.

పిన్ని ఏమీ అనకుండా ఇంకో ముక్క అందించింది.

మర్నాడు మళ్ళీ మొహం తిప్పుకున్నారు, అది వేరే సంగతి.
గురువారం రెండు ముక్కలు.
శుక్రవారం, దయతలచి, ఒక గుళిక.
రొయ్య ఆదివారమే, అదీ ఒక్కటి,
అదీ పిన్ని చూడనప్పుడు.

ఎలా అలవాటు చేశారని అడిగింది డాక్టరమ్మ,
మళ్ళీ ఎర్రబడిన ఈకలు చూసి.
చెయ్యి జేబులో పెట్టుకుని
"చలి వల్లమ్మా" అన్నాను.