రెండు సున్నాలు

రాయదుర్గంలో పదకొండో అంతస్తు.
ఏసీ చలికి చున్నీ చెవులకు చుట్టుకుని
రాత్రంతా వసూళ్లు చేస్తాను.
నా పని పేరు రివర్సల్.
విమానం కంపెనీ పొరపాటున వేసిన పాయింట్లను
పొరపాటు లేకుండా వెనక్కి తీయడం.

ఈసారిది చిన్నదే.
ఎక్కడో ఒక ఫైలులో ఒక గడి పక్కకు జరిగింది.
సూరత్ విమానం దిగిన నూట డెబ్భై మందికి
నాలుగొందల పన్నెండు పడాల్సిన చోట
నలభై ఒక్క వేల రెండొందలు పడ్డాయి.
పంతొమ్మిది రోజులున్నాయి.
ఇరవయ్యో రోజు నేను మీట నొక్కాను.

చాలామంది తిట్టారు.
ఒకాయన తన వకీలు పేరు అక్షరం అక్షరం చెప్పి రాసుకోమన్నాడు.
ఎర్పుల జంగయ్య మాత్రం తిట్టలేదు.
బాలానగర్‌లో లేత్ మిషన్ మీద టర్నర్.
సేటు పంపితే సూరత్ పోయి మిషన్ బాగు చేసి వచ్చాడు.
విమానం ఎక్కడం అదే మొదలు.

"నేను గుంజుకోలే మేడమ్, మీరే ఏసిండ్రు.
ఏసినప్పుడు అభినందనలు అని మెసేజ్ పంపిండ్రు.
తీసినప్పుడు ఏం పంపలే."

నిబంధన పద్నాలుగు చదివాను.
కంపెనీ తన పొరపాటును ఎప్పుడైనా,
ముందుగా తెలపకుండానే...

"నేను షాఫ్ట్ ఒక్క సూతు ఎక్కువ కోసిన్ననుకోండ్రి,
ఇనుము మళ్ల అతుకుతదా?
నా పొరపాటు నా జీతంల కట్ అయితది.
మీ పొరపాటు గూడ నాకే కట్ అయితదా?"

స్క్రీన్ మీద నా కోసం రాసిపెట్టిన వాక్యం ఉంది:
మీ అసౌకర్యాన్ని అర్థం చేసుకోగలను.
చదవబోయి ఊరుకున్నాను.

వెనక గ్రైండింగ్ మోత.
ఆ మోత మీదుగా చెబుతూ పోయాడు.
రోజూ బువ్వ తినేటప్పుడు
తను, ఖాజా, వీరస్వామి
ఒకే ఫోన్లో సముద్రం చూశారట.
పోర్ట్ బ్లెయిర్‌కి ముగ్గురికీ సరిపోతాయా అని
రేకు ముక్క మీద సుద్దతో లెక్క కట్టారట.
పోవడానికి సరిపోయాయి. రావడానికి చీటీ ఎత్తాలనుకున్నారు.

"ఇసుకల నడవనీకె ఖాజా చెప్పులు కొన్నడు.
గవి ఎవ్వరికి వాపస్ ఇయ్యాలె?"

విస్తరి ముందు కూర్చోబెట్టి లేపినవాళ్లం మేము.
విస్తరి వేసింది ఎవరో నాకు తెలీదు.
లేపిన చెయ్యి నాది.

"సరే, మీ సున్నాలు మీరు తీస్కోండ్రి.
నా నాలుగొందల పన్నెండు ఏవి?"

చూశాను.
అక్కడ సున్నా ఉంది.
మీట నొక్కినప్పుడు కాండంతోపాటు వేరూ వచ్చింది.
నూట డెబ్భై మందిలో ఎవరూ గమనించలేదు,
నేను కూడా.

వాటికి విమానంలో అర కప్పు కాఫీ కూడా రాదని చెప్పాను.
"రాకుంటే రాకపాయె.
గవి నేను ఎక్కినయ్."

ఫారం తెరిచాను.
మూడు సంతకాలు, ఇరవై ఒక్క పని దినాలు.
కారణం అనే గడిలో నాలుగే ఉన్నాయి:
ప్రయాణికుడి తప్పు. ఏజెంటు తప్పు. బ్యాంకు తప్పు.
ఇతరాలు.
ఇతరాలు నొక్కాను.

పెట్టేసే ముందు అడిగాడు,
"మేడమ్, మీరెప్పుడన్న విమానం ఎక్కిండ్రా?"
కాల్ రికార్డవుతోందని గుర్తుంది.
లేదన్నాను.
"ఎక్కితే ఎడమ దిక్కు కూసోండ్రి.
నీళ్లు గటే కనబడతయట. మేం తేల్చినం."

తెల్లవారి క్యాబ్‌లో
ముగ్గురం నిద్రమొహాల వాళ్లం.
ఎప్పుడూ కుడివైపు ఎక్కేదాన్ని, అటు తిరిగి వెళ్లి ఎక్కాను.
కేబుల్ బ్రిడ్జి మీద డ్రైవర్ గేరు మార్చాడు.
కింద దుర్గం చెరువు,
సగం గుర్రపుడెక్క,
అద్దం మూసినా వాసన.
మిగతా సగం
నీళ్లే.