పదమూడో డబ్బ

నయీం డిస్కు తెచ్చిండు.
అద్దం బిళ్ల లెక్కున్నది, అండ్ల నా మొకం కనబడ్డది.
"చాచా, మీ జమానా బొమ్మ,
కడిగి కొత్తగ ఇడ్సిండ్రు" అన్నడు.
వాళ్ల నాయిన మొయిజ్ భాయ్
హన్మకొండ టాకీసుల ఆపరేటరు.
నేను రీళ్ల పోరన్ని.

అప్పుడు బొమ్మ ఒక్కటే, టాకీసులు రెండు.
హన్మకొండల ఆడిన రీలు
ఎచ్చగ ఉండంగనే డబ్బల ఏసి
సైకిలు ఎనుక సుతిలి తాడుతోని కట్టి
సుబేదారి దాటి, ఫాతిమానగర్ దాటి
కాజీపేట తెర మీద పడెయ్యాలె.
రెండు ఆటలకు ముప్పావుగంట తేడా.
గంతల్నే నా ఊపిరి, నా చెయిను, నా పంక్చరు.

డబ్బ మీద ఎర్ర రంగుతోని అంకె.
పదమూడో దాంట్ల ఖూనీ చేసినోడు ఉన్నడు.
నలభై రెండు రోజులు, రోజుకు రెండు ఆటలు,
వాన్ని నా ఎనుక కూసోబెట్టుకొని తొక్కిన.
ఒక్క మాట మాట్లాడలే వాడు.
గతుకుల కాడ మాత్రం డబ్బ కొట్టుకునేది
లోపటి నుంచి ఎవరో తలుపు తట్టినట్టు.
ఒకనాడు రాత్రి వాన పట్టుకుంటే
అంగి ఇడ్సి డబ్బకు కప్పిన.
ఖూనీకోరు తడవలే,
నాకు వారం రోజులు జరం.

గేటు కాడ ఆగేది కథ.
బెల్లంపల్లి బొగ్గు గూడ్సు వచ్చిందంటే
పెట్టెలు లెక్కపెట్టుడే పని.
యాభై ఎనిమిది పెట్టెలు, ఎనుక గార్డు డబ్బ.
అవతల కాజీపేటల
ఒక ఆడమనిషి గొళ్లెం మీద చెయ్యేసి నిలబడ్డది.
అంతల్నే తెర తెల్లగయ్యింది.
ఐదు వందల మంది
ఆ చెయ్యి ఏం జేసిందో తెల్వక
పల్లీలు నములుడు బందు వెట్టిండ్రు.
నేల టికెట్టోళ్లు మొదట ఈలలేసిండ్రు,
తర్వాత ఈలలు గూడ బందైనయి.
బొమ్మ తీసినాయిన పెట్టిన భయం రెండు నిమిషాలు.
మిగిలిందంత రైల్వేవాళ్లు పెట్టిండ్రు.

గేట్‌మన్ కనకరత్నం బొమ్మ రెండుసార్లు సూసినోడు.
బీడీ ఇస్తె పేరు చెప్తనన్నడు.
ఒకనాడు డాక్టరన్నడు. ఒకనాడు తోటమాలి.
ఇంకోనాడు, ఆ ఆడామెనే పో, అన్నడు.
బీడీల కట్ట అయిపోయింది,
నాకు అందరి మీద అనుమానం మిగిలింది.
మా మేనమామ గొడుగు పట్టుకొని ఇంటికొస్తె
చేతులకు గ్లౌజులున్నయేమో అని సూసిన.

మరి నువ్వెందుకు సూడలే అంటడు నయీం.
డబ్బ మెట్ల మీద ఇచ్చుడు,
ఆడిన డబ్బలు ఎత్తుకొనుడు, మర్ల తొవ్వ.
రెండో ఆటకు అవి హన్మకొండల ఉండాలె గద.
గేటు తెరిసున్న రోజుల
మెట్ల పక్క సందుల నుంచి కనబడేది:
గొళ్లెం, చెయ్యి, ఒక్క గాజు.
గంతే నాకు దక్కిన బొమ్మ.

ఇగ ఇప్పుడు టీవీల
వాన గీతలు లేని బొమ్మ.
కుడిపక్క పై మూలకు
మొయిజ్ భాయ్ సూదితోని గీకిన సుక్క లేదు.
ఆ సుక్క పడంగనే కిందికి కేకేస్తుండె,
"ఉరుకు బే!"
పుణ్యాత్ములు, దాన్ని గూడ మరక అనుకొని తుడిసిండ్రు.

గొళ్లెం వచ్చింది.
చెయ్యి వచ్చింది. గాజు.
డెబ్బై నాలుగేండ్ల మోకాళ్లు
వాటికవే కుర్చీల నుంచి లేసినయి.
రెప్ప కొట్టేలోపట తలుపు తెరుసుకుంటది.
మధ్యల ఏం లేదు.
సుబేదారి లేదు, చెమట లేదు, గతుకు లేదు.

"ఆపు బిడ్డా, ఆపు" అన్న.
"ఏమైంది చాచా?"
"గేటు పడ్డది."

వాడు రిమోటు పట్టుకొని నా దిక్కే సూస్తున్నడు.
ఆమె చెయ్యి గొళ్లెం మీదనే ఉన్నది.
ముప్పై ఆరు. ముప్పై ఏడు.
గార్డు డబ్బ ఇంక రాలే.